ఈ-సెల్ మీ నెత్తిన పడిందా? రిబ్బను కత్తిరించే ముందు ఇది చదవండి

ఈ-సెల్ అంటే ఎంట్రప్రెన్యూర్‌షిప్ సెల్, కాలేజీలో పిల్లల చేత సొంత వ్యాపారాలు మొదలుపెట్టించే విభాగం. ఏటా జూలై వచ్చిందంటే నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, ఈ ఏడాది ఈ-సెల్ నాకు అంటగట్టారు. నేను చెప్పేది థర్మోడైనమిక్స్. వ్యాపారం గురించి నాకేం తెలుసు? ఎక్కడ మొదలుపెట్టను?" ఒక్కొక్కరికీ అరగంట చెప్పి చెప్పి గొంతు పోయింది. అందుకే రాసి పెడుతున్నాను. ఇకమీదట ఫోన్ చేసినవాళ్లకు ఇదే పంపిస్తాను, ఏమీ అనుకోకండి.

జిల్లాలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఈ పని చూస్తున్నాను. మొదటి రెండేళ్లు శాలువాలు, మెమెంటోలు, అతిథి ఉపన్యాసాలతోనే గడిచిపోయాయి. ఫొటోలు ఒక ఆల్బం నిండాయి గానీ, ఒక్క విద్యార్థి చేతికీ ఒక్క రూపాయి సంపాదన రాలేదు. మూడో ఏడాది నుంచి లెక్క మార్చాను: ఎన్ని కార్యక్రమాలు జరిగాయని కాదు, మన పిల్లల దగ్గర ఎంతమంది డబ్బిచ్చి కొన్నారని చూడటం మొదలుపెట్టాను. కింద రాసిందంతా ఆ లెక్క ప్రకారమే.

ముందు సమకూర్చుకోవాల్సినవి

- ప్రిన్సిపల్ సంతకంతో ఒక పేజీ ఆర్డరు. అందులో ఏముండాలో మొదటి మెట్టులో చెప్తాను.
- ఒక గది. ఏసీ అక్కర్లేదు. నాలుగు ప్లగ్ పాయింట్లు, ఒక బోర్డు, రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచే అనుమతి చాలు. తాళంచెవి ఒకటి పిల్లల దగ్గరే ఉండాలి. అటెండర్ వచ్చి తీసేదాకా ఆగాల్సిన గది రెండు నెలల్లో స్టోర్‌రూమ్ అవుతుంది.
- మొదటి ఏడాదికి యాభై వేల రూపాయలు. ఇంతకంటే ఎక్కువ ఇస్తామన్నా వద్దనండి.
- బయటి మనుషులు ముగ్గురు: ఒక సీఏ, ఊళ్లో పదేళ్లుగా సొంత దుకాణమో చిన్న కార్ఖానానో నడుపుతున్న ఒకరు, సొంతంగా ఏదో ఒకటి చేసి చేతులు కాల్చుకున్న మీ పూర్వ విద్యార్థి ఒకరు. ఈ మూడోవారి మాటకే పిల్లలు ఎక్కువ విలువిస్తారు.
- ఒక లాంగ్‌బుక్.

లోగో, ఫ్లెక్సీ, బీన్ బ్యాగులు, గోడ మీద స్టీవ్ జాబ్స్ బొమ్మ... ఇవేవీ అక్కర్లేదు.

1. ముందు కాగితం మీద అనుమతులు

కేంద్ర విద్యాశాఖ 2019లో విద్యార్థుల కోసం, అధ్యాపకుల కోసం జాతీయ ఇన్నోవేషన్, స్టార్టప్ విధానం తెచ్చింది. మేనేజ్‌మెంట్‌తో మాట్లాడేటప్పుడు మీ చేతిలో ఉండాల్సిన ఆయుధం అదే. సంస్థ వార్షిక బడ్జెట్‌లో కనీసం ఒక శాతం ఈ పనికి కేటాయించాలని అందులో ఉంది. సంస్థ అనుమతి ఉంటే అటెండెన్స్ తగ్గినా పరీక్షలు రాయనివ్వొచ్చని, వ్యాపారం మీద పనిచేయడానికి ఒక సెమిస్టరో ఏడాదో విరామం ఇవ్వొచ్చని కూడా ఉంది.

అయితే "ఇవ్వొచ్చు" అన్న మాటను "ఇస్తారు" అని పిల్లలకు చెప్పకండి. మీ కాలేజీ స్వయంప్రతిపత్తి ఉన్నదైతే పని సులువు. యూనివర్సిటీకి అనుబంధమైనదైతే 75 శాతం హాజరు నిబంధన, హాజరు తగ్గితే కట్టే కాండొనేషన్ ఫీజు అన్నీ ఆ యూనివర్సిటీ చేతిలోనే ఉంటాయి. రాతపూర్వకంగా అనుమతి వచ్చాకే ఎవరికైనా క్లాసు మానమని చెప్పండి. నోటిమాట నమ్మి ఒక కుర్రాడు డిటెయిన్ అయ్యాడు. వాళ్ల నాన్నగారి ముందు నేను తల ఎత్తలేకపోయాను.

ఆర్డరులో మూడు విషయాలు రాయించుకోండి: గది వేళలు, పిల్లలకు వారానికి ఇన్ని గంటలు ఆన్‌డ్యూటీ (క్లాసుకు రాకపోయినా హాజరు వేయడం), ఒక్కో ఖర్చు ఐదు వేల లోపైతే కమిటీ అక్కర్లేకుండా మీరే మంజూరు చేసే అధికారం. మూడోది లేకపోతే ఎనిమిది వందల సెన్సరుకు నాలుగు సంతకాలు పడేలోగా సెమిస్టరు అయిపోతుంది.

మేనేజ్‌మెంట్ ఏదీ ఒప్పుకోకపోతే? మినీ ప్రాజెక్టు, మేజర్ ప్రాజెక్టు ఉన్నాయి కదా. హెచ్‌ఓడీని ఒప్పించి, పిల్లల వ్యాపారాన్నే ప్రాజెక్టుగా తీసుకోనివ్వండి. ఎలాగూ బయట కొనుక్కొచ్చి పెట్టే ప్రాజెక్టుల కంటే నయమే.

ఇంకో మాట. 2018 నుంచి కేంద్ర విద్యాశాఖ కాలేజీల్లో పెట్టిస్తున్న ఇన్నోవేషన్ కౌన్సిల్ పని కూడా చాలా కాలేజీల్లో ఇదే మనిషి మీద పడుతోంది. పోర్టల్‌లో రిపోర్టులు, ఫొటోలు ఎక్కించే పని ఒకరికి, పిల్లలతో కూర్చునే పని మరొకరికి ఇమ్మని అడగండి. రెండూ ఒకరికే ఇస్తే గెలిచేది పోర్టలే.

2. ఆలోచనల పోటీ పెట్టకండి, అమ్ముతున్నవాళ్లను వెతకండి

నేను మొదట చేసింది ఐడియా పోటీయే. వచ్చిన కాగితాల్లో సగం "రైతులకు యాప్". రాసినవాళ్లలో చాలామంది పొలం గట్టు ఎక్కి ఒక్క రైతుతోనూ మాట్లాడింది లేదు.

దానికి బదులు హాస్టల్ వార్డెన్‌తో, క్యాంటీన్ అతనితో, జిరాక్స్ షాపు అతనితో టీ తాగండి. మీ కాలేజీలో ఇప్పటికే ఎవరో ఒకరు ఏదో అమ్ముతూనే ఉంటారు. సీనియర్ల డ్రాఫ్టర్లు, ఆప్రాన్లు కొని జూనియర్లకు అమ్మేవాడు, పెళ్లిళ్లకు డ్రోన్ కెమెరా పట్టుకెళ్లేవాడు, అమ్మ పెట్టిన ఆవకాయ హాస్టల్లో సీసాలకెత్తే అమ్మాయి, ఫెస్ట్‌కు టీషర్టులు తిరుపూర్ నుంచి తెప్పించేవాడు... వీళ్లకు ఈ-సెల్ అనేది ఒకటుందనే తెలియదు. తెలిసినా, అది ఇంగ్లిష్‌లో పీపీటీ ఇచ్చేవాళ్ల వ్యవహారం అనుకుంటారు. మీ మొదటి ఐదుగురు వీళ్లే.

హెచ్చరిక: నెట్‌వర్క్ మార్కెటింగ్, బెట్టింగ్ యాప్ రిఫరల్స్, "చేరితే కమీషన్" స్కీములు కూడా స్టార్టప్ ముసుగులో వస్తాయి. కొత్త మనిషిని చేరిస్తేనే డబ్బు వస్తుందంటే అక్కడే ఆపండి. హాస్టల్ మొత్తం మునుగుతుంది.

3. ఇరవై మందితో మాట్లాడించండి

లాంగ్‌బుక్ ఇక్కడ పనికొస్తుంది. ఒక్కో జట్టు మూడు వారాల్లో ఇరవై మందిని కలిసి, ఒక్కొక్కరి గురించి అర పేజీ రాయాలి.

ఎలా అడగాలో నేర్పించండి, ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. "మేం ఇలాంటిది చేస్తే కొంటారా?" అని పిల్లలు అడుగుతారు. మన ఊళ్లలో పెద్దవాళ్లు ముచ్చటపడి "కొంటాం బాబూ, తప్పకుండా చెయ్యండి" అంటారు. చదువుకునే పిల్లల్ని నిరుత్సాహపరచడం ఎవరికిష్టం? అది ఆశీర్వాదం, ఆర్డరు కాదు. నోట్సులో "20 మందిలో 19 మంది కొంటామన్నారు" అని ఉంటే ఆ నోట్సు తిరిగి రాయించండి.

అడగాల్సింది జరిగిపోయిన సంగతి. "పోయిన పంటకు మిర్చి ఎన్ని రోజులు ఆరబెట్టారు? వాన పడితే ఏం చేశారు? ఎంత పోయింది? టార్పాలిన్ పట్టాలకు ఎంత పెట్టారు?" చేపలు, రొయ్యల చెరువు రైతునైతే, "కిందటిసారి రాత్రిపూట ఆక్సిజన్ పడిపోయినప్పుడు మీకెలా తెలిసింది? ఎవరు చూశారు?" ఇలా అడిగితే మనిషి తన బాధ తనే చెప్తాడు. ఇప్పటికే డబ్బు పెట్టి దాన్ని ఎలాగోలా నెట్టుకొస్తున్నాడంటే అక్కడ వ్యాపారం ఉంది. అది ఎన్నాళ్లుగానో ఉన్నా పైసా ఖర్చు పెట్టలేదంటే, అది అతనికి అంత పెద్ద బాధ కాదన్నమాట.

చింతకింది మల్లేశం గారి సంగతి పిల్లలకు చెప్పండి. చీర నేసే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పే ఆసు పోయడానికి రోజూ వేల సార్లు చెయ్యి ఆడించి అమ్మ భుజం పట్టుకుపోతుంటే చూడలేక ఆయన యంత్రం మొదలుపెట్టారు. 1999 నాటికి అది పూర్తిగా పనిచేసింది, దానికి అమ్మ పేరే పెట్టారు. ఆయనకు సర్వే అవసరం రాలేదు, వాడాల్సిన మనిషి ఇంట్లోనే ఉంది. మీ పిల్లలకు కూడా ఇళ్లలో మగ్గం, చెరువు, కిరాణా కొట్టు, ఆటో, టైలరింగ్ మిషను ఉన్నాయి. వాటిని దాచుకుని, ఎక్కడో చదివిన బెంగళూరు కష్టాలను తెచ్చి తీరుస్తామంటారు. ముందు ఇంటి కష్టం చెప్పమనండి.

సరిచూసుకోవడం ఎలా: నోట్సులోంచి ఏ ఇద్దరి నంబర్లైనా తీసి మీరే ఫోన్ చేయండి. సగం నోట్సులు హాస్టల్ గదిలోనే పుట్టినవని, ఈ పద్ధతి పెట్టిన మొదటి ఏడాది నాకు అలాగే తెలిసింది.

4. తయారు చేయకముందే అమ్మించండి

గడువు నెల రోజులు. పరీక్ష ఒక్కటే: బంధువులు, స్నేహితులు, అధ్యాపకులు కాని పది మంది డబ్బు కట్టాలి. పది రూపాయలైనా సరే. క్యూఆర్ కోడ్ మీద పడిన డబ్బే సాక్ష్యం. లైకులు, ఫాలోవర్లు, "నోటిఫై మీ" నొక్కినవాళ్లు లెక్కలోకి రారు.

యాప్ కావాలంటారు. వద్దనండి. వాట్సాప్ గ్రూపు, ఒక ఎక్సెల్ షీటు, రెండు కాళ్లు. మా హాస్టల్లో బట్టలు ఇస్త్రీ చేయించే జట్టు యాప్ కోసం నాలుగు నెలలు కూర్చుంది. పక్కనే ఇంకో జట్టు బ్లాకుల్లో బకెట్లు పెట్టి, టోకెన్లు రాసి, రెండో వారానికే డబ్బులు చూసింది. యాప్ జట్టు ఇప్పటికీ లాగిన్ పేజీ దగ్గరే ఉందని జోకు.

మీ యాభై వేలల్లోంచి జట్టుకు రెండు వేలు మించి ఇవ్వకండి. అదీ బిల్లు చూపిస్తేనే. డబ్బు ముందు ఇస్తే ముందు కొనేది విజిటింగ్ కార్డులే.

ఇక్కడ జాగ్రత్తలు:
- తినే సరుకు ఏది అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నమోదు తప్పనిసరి, ఆవకాయ సీసాకైనా. చిన్న వ్యాపారానికి ఫీజు ఏడాదికి వంద రూపాయలే.
- మందులు, ఒంటికి రాసుకునేవి, పసిపిల్లలకు సంబంధించినవి నెల రోజుల ప్రయోగాలకు పనికిరావు. సంబంధిత లైసెన్సు ఉన్నవారితో కలిసి చేయాల్సిందే.
- అడ్వాన్సు తీసుకుంటే సరుకు ఇచ్చేదాకా ఆ డబ్బు ముట్టకూడదు.

పది మంది రాకపోతే? ధర తగ్గించమనకండి, మూడో మెట్టుకు పంపించండి. రెండుసార్లు వెనక్కి వెళ్లొచ్చిన జట్లే మా దగ్గర నిలబడ్డాయి.

5. వాటాల కాగితం రాయించండి, ఇంట్లో చెప్పించండి

స్నేహితుల మధ్య కాగితాలేంటి మేడమ్ అంటారు. సరిగ్గా అందుకే. నాలుగో ఏడాది క్యాంపస్ ప్లేస్‌మెంట్ల దాకా అందరూ అన్నదమ్ములే. ఆఫర్ లెటర్ వచ్చిన మర్నాడు ముగ్గురిలో ఇద్దరు వెళ్లిపోతారు, వాటా మాత్రం వాళ్ల పేరు మీదే మిగిలిపోతుంది.

తెలుగులోనే ఒక పేజీ రాయించండి. ఎవరు ఏ పని, ఎవరు ఎంత పెట్టారు, ఎవరికెంత వాటా. వాటా ఒక్కసారిగా చేతికి రాకూడదు. మామూలుగా నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా దక్కేలా, మొదటి ఏడాది నిండకముందే వెళ్లిపోతే ఏమీ రాకుండా రాసుకుంటారు. ఉద్యోగం వస్తే ఏం చేస్తారన్నది తప్పకుండా రాయాలి. 18 నిండనివాళ్ల సంతకం చట్టం ముందు చెల్లదు, ఫస్టియర్ పిల్లల పుట్టినతేదీ చూసుకోండి.

ఇంటి మాట ఇంకా కష్టం. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లవాడు "వ్యాపారం చేస్తున్నా" అంటే అమ్మానాన్నలకు వినిపించేది "చదువు మానేస్తున్నా" అనే. మీరే పిలిపించి మాట్లాడండి. "స్టార్టప్" అన్న మాట వాడకండి. "మీవాడు ఈ నెల ఇంత అమ్మాడు, ఖర్చు ఇంత, మిగులు ఇంత, బ్యాక్‌లాగులు లేవు" అని లాంగ్‌బుక్ ముందు పెట్టండి. అంకెలు చూశాక చాలామంది నాన్నలు మెత్తబడతారు. ఒకాయన మొత్తం విని, "మరి ఉధారు ఎంత ఉంది?" అని అడిగారు. మా కమిటీ ఆరు నెలల్లో అడగని ప్రశ్న అది.

బ్యాక్‌లాగులు ఉన్నవాళ్లనూ చేర్చుకోండి, కానీ మిడ్ పరీక్షలకు వారం ముందు గదికి తాళం వేయండి. పిల్లలు తిట్టుకుంటారు. తిట్టుకోనీండి.

6. రిజిస్ట్రేషన్ తొందరపడకండి

వచ్చే ఫోన్లలో ఎక్కువ దీని గురించే. "సెకండియర్ పిల్లలు, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టించేశాం మేడమ్!" అయ్యో అంటాను.

కంపెనీ పెట్టడం ఒక వారం పని. పెట్టాక అమ్మకం సున్నా అయినా ఆడిటర్ ఉండాలి, ఏటా రిటర్నులు వేయాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు వంద రూపాయల జరిమానా. రెండేళ్లు మరిచిపోయిన కంపెనీకి ఎంతవుతుందో మీరే లెక్కేయండి.

వరస ఇలా ఉంటే బాగుంటుంది:
- అమ్మకాలు మొదలైతే, ఒక్కరి పేరు మీద ఉద్యమ్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ పోర్టల్) నమోదు. ఇది పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ చాలు. ఫీజు అడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు.
- ఇద్దరు ముగ్గురు కలిసి లాభం పంచుకుంటుంటే రిజిస్టర్డ్ భాగస్వామ్యమో, ఎల్‌ఎల్‌పీయో (పరిమిత బాధ్యత ఉండే భాగస్వామ్యం).
- బయటివాళ్ల పెట్టుబడి తలుపు దాకా వస్తేనే ప్రైవేట్ లిమిటెడ్. కనీసం ఇద్దరు డైరెక్టర్లు కావాలి.

కేంద్రం ఇచ్చే స్టార్టప్ ఇండియా గుర్తింపు ఒక్కరి సొంత వ్యాపారానికి రాదు, పై రెండో, మూడో రూపమైతే వస్తుంది. జీఎస్టీ సంగతి: సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటితేనే నమోదు తప్పనిసరి. సరుకుల హద్దు ఆంధ్రకు, తెలంగాణకు ఒకటి కాదు, ఆన్‌లైన్ అమ్మకాలకు నియమాలు వేరు. మీ సీఏకు ఒక ఫోన్ కొట్టండి, అందుకే కదా ఆయన్ని ముందే పెట్టుకున్నాం.

7. చూపించే ముందు ఫైల్ చేయించండి

జట్టు నిజంగా కొత్త పరికరం చేసిందనుకుందాం. మనం చేసే మొదటి తప్పు దాన్ని టెక్ ఫెస్ట్‌లో పెట్టి, విలేకరిని పిలిచి, యూట్యూబ్‌లో ఎక్కించడం. అందరికీ చూపించేశాక అది "కొత్తది" కాకుండా పోతుంది, పేటెంటు చిక్కుల్లో పడుతుంది. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయించండి. ఆన్‌లైన్‌లో వ్యక్తులకు, స్టార్టప్‌లకు, విద్యాసంస్థలకు దాఖలు రుసుము 1,600 రూపాయలు. ఆ రోజు నుంచి 12 నెలల్లో పూర్తి దరఖాస్తు వేయాలి, లేకపోతే అది పోయినట్టే. ఇస్త్రీ, పచ్చళ్లు, ఫొటోగ్రఫీ లాంటివాటికి పేటెంటు గొడవే లేదు, కావాలంటే పేరుకు ట్రేడ్‌మార్క్ చూసుకోండి.

హక్కు ఎవరిది? 2019 విధానం ప్రకారం కాలేజీ వనరులు గణనీయంగా వాడినా, సిలబస్‌లో భాగంగా చేసినా ఉమ్మడి హక్కు. కాలేజీవి ఏవీ వాడకుండా, సిలబస్‌కు బయట సొంతంగా చేసుకుంటే పూర్తిగా విద్యార్థిదే. మొదటి మెట్టులో చెప్పిన ప్రాజెక్టు దారి పట్టేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. గది, సేవలు, నిధులు ఇచ్చినందుకు సంస్థ 2 నుంచి 9.5 శాతం దాకా వాటా తీసుకోవచ్చని కూడా అందులో ఉంది. గది ఒక్కటే ఇచ్చి తొమ్మిదిన్నర అడిగే మేనేజ్‌మెంట్లు ఉంటాయి. పై హద్దును రేటు కార్డులా చదవకండి.

మార్కులు వేసే మీరు, మీరు మార్కులు వేసే విద్యార్థి వ్యాపారంలో సొంతంగా వాటా తీసుకోకండి. దరఖాస్తులో ఆవిష్కర్తగా పేరు కూడా, నిజంగా పని చేసి ఉంటేనే. ప్రమోషన్ పాయింట్ల కోసం పేర్లు చేర్చే అలవాటు మనలో ఎంత ఉందో మీకూ తెలుసు.

8. బయటి తలుపులు తట్టడం

మీ గది సరిపోవడం లేదని జట్టే అన్నప్పుడు బయటికి పంపండి, అంతకుముందు వద్దు. దేనికి ఎక్కడికో తెలిసి పంపండి.

పరికరం చేస్తున్నవాళ్లకు హైదరాబాద్ రాయదుర్గంలోని టీ-వర్క్స్. 2023లో మొదలైంది, నమూనాలు చేసుకునే యంత్రాలు అక్కడున్నాయి. పెట్టుబడిదారులు, పెద్ద కంపెనీల పరిచయాలు కావాలంటే పక్కనే టీ-హబ్. అమ్మాయిల జట్లకు 2018 నుంచి నడుస్తున్న వీ హబ్. లోతైన సాఫ్ట్‌వేర్ పనికి 2008 నుంచి ఉన్న ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వారి స్టార్టప్ కేంద్రం సీఐఈ. ఆంధ్రలో విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఏ-హబ్ అనే స్టార్టప్ కేంద్రం ఉంది. 2025 ఆగస్టులో మొదలైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు విశాఖ, రాజమహేంద్రవరం, విజయవాడ, తిరుపతి, అనంతపురాల్లో శాఖలున్నాయి. మీ ఊరికి దగ్గరున్నదే చూసుకోండి. నెలకోసారి వెళ్లిరాలేని చోట చేరినా ఉపయోగం లేదు.

నమూనాకు డబ్బు కావాలంటే కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ వారి నిధి-ప్రయాస్ కింద పది లక్షల దాకా గ్రాంటు ఉంది. ఆ శాఖ గుర్తించిన కేంద్రాల ద్వారా దరఖాస్తు చేయాలి. పిల్లలకు ఈ అంకె ముందే చెప్పకండి. చెప్తే ఆ రోజు నుంచి వాళ్ల కస్టమర్ ప్రభుత్వమే అవుతుంది, ఇక దరఖాస్తులు రాసుకుంటూ కూర్చుంటారు.

9. మూసేయడం కూడా నేర్పించండి

ఎక్కువ జట్లు ఆగిపోతాయి. సిగ్గుపడి, ఫోన్లు ఎత్తకుండా, గ్రూపులోంచి ఒక్కొక్కరే జారుకోవడం మామూలుగా జరిగేది. అలా జరగనివ్వకండి. ఒక శనివారం కూర్చోబెట్టి, ఇవ్వాల్సిన అడ్వాన్సులు తిరిగి ఇప్పించండి, సరుకు ఇచ్చినవాళ్ల బాకీ తీర్పించండి, మిగిలిన వస్తువులు గదిలో అప్పగించమనండి, ఖాతా మూయించండి. ఎందుకు ఆగిందో లాంగ్‌బుక్‌లో ఒక పేజీ రాయమనండి. వచ్చే ఏడాది పిల్లలు అన్నిటికంటే ఎక్కువ చదివేది ఆ పేజీలే.

పని జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది

సెమిస్టరు చివర నేను చూసుకునేవి ఇవి. సాయంత్రం ఏడింటికి చెప్పకుండా గదికి వెళ్తాను, లైటు వెలుగుతోందా? జట్ల దగ్గర రెండోసారి కొన్నవాళ్లు ఉన్నారా? మొదటిసారి మొహమాటానికి కొంటారు, రెండోసారి అవసరానికే కొంటారు. ఏ ముగ్గురు కస్టమర్లకు ఫోన్ చేసినా సరుకు అందిందంటున్నారా? ఇంగ్లిష్ సరిగా రాని పిల్లలు, డే స్కాలర్లు, సివిల్, మెకానికల్ వాళ్లు గదిలో కనిపిస్తున్నారా, లేక సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) వాళ్ల అడ్డా అయిపోయిందా? వెళ్లిపోయిన సీనియర్ ఒక్కడైనా పనిగట్టుకుని వచ్చి కూర్చున్నాడా?

మొదటి ఏడాది వీటిలో రెండిటికి అవునని వచ్చినా బాగా నడుపుతున్నట్టే. మూడో ఏటికి కూడా అన్నిటికీ కాదనే వస్తుంటే, మీరు మళ్లీ కార్యక్రమాల వైపు జారారేమో క్యాలెండర్ తీసి చూడండి.

బాధ్యత ఇంకొకరికి మారేటప్పుడు లాంగ్‌బుక్కులు, తాళంచెవులు, సీఏ నంబరు, బాకీల జాబితా చేతికిచ్చి సంతకం తీసుకోండి. నా కంటే ముందున్నాయన నాకిచ్చింది ఒక మైకు, రెండు బొకేల బిల్లులు.